కునుకు హోటల్లో మధ్య గది

మా ఆయనకి ఉన్నది ఒకటే లోపం. ఆయన తప్పు చేయరు.

నాబోటి మామూలు మనుషులతో కాపురం చేయాల్సి రావడం ఆయనకెంత కష్టమో నేను అర్థం చేసుకోగలను. మా ఇంటి ప్లాను ఆయనే గీశారు. మేడమెట్లలో ఆఖరిది మిగతావాటికంటే రెండంగుళాలు ఎత్తు. మా ఇంటికి వచ్చిన చుట్టాల్లో అక్కడ తూలనివాళ్ళు లేరు. “బెజవాడలో ఎవరికీ కాలెత్తి నడవడం రాదు” అంటారాయన. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటివాళ్ళ స్నానాలగది. వాళ్ళ ఇల్లు మాకంటే పదేళ్ళు ముందే ఉంది. అయినా తప్పు చోట కట్టుకున్నది వాళ్ళేనట.

ఇట్లాంటివి చెప్పుకుని నవ్వుకునేదాన్ని, కునుకు హోటల్ కట్టేదాకా.

ఆయన పేరు శేషగిరి, ఆర్కిటెక్టు. తమ్ముడు భానుమూర్తి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. పెళ్ళి చేసుకోలేదు, ఆదివారం భోజనం మా ఇంట్లోనే. గాంధీనగర్‌లో, రైల్వేస్టేషన్‌కి కూతవేటు దూరంలో, మా మామగారు ప్రింటింగ్ ప్రెస్ నడిపిన స్థలం అన్నదమ్ములిద్దరికీ వచ్చింది. నూట ఎనభై గజాలు. అందులో చిన్న హోటల్ కట్టాలని మా ఆయన కోరిక. ముందు ఖాళీ, వెనక సందు, లిఫ్టు, మెట్లు పోగా అంతస్తుకి మూడు గదులు వచ్చాయి. మూడంతస్తులకి తొమ్మిది.

“తొమ్మిది గదుల హోటల్ కడితే మనమే వెళ్ళి అద్దె ఇచ్చి పడుకోవాలి” అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఒక ఆదివారం భానుమూర్తి వంటింట్లోకి తొంగిచూశాడు.

“వదినా, రుబ్బిన పిండి ఉందా? పులవనిది కావాలి.”

“ఇప్పుడే రుబ్బాను. రేపటి ఇడ్లీకి.”

“రేపటిదాకా ఎందుకు, భోజనాలయ్యేలోపు పులియబెట్టి ఇస్తాను.”

మేడమీద సామాన్ల గదిలో మాకొక పాత ఇనప బీరువా ఉంది. దాని లోపలి గోడలకి సన్నటి రాగితీగ అల్లుతూ ఏడాదిగా అతనేదో చేస్తున్నాడని తెలుసు. ఆ గదిలో బొద్దింకలు తగ్గాయి కదా అని నేను అడ్డుచెప్పలేదు. పిండిగిన్నె అందులో పెట్టి, తలుపేసి, స్విచ్చు వేశాడు. మేం కిందికొచ్చి పప్పూ కూరా అయి మజ్జిగదాకా వెళ్ళి, మళ్ళీ పైకెక్కాం. ఆఖరి మెట్టు దగ్గర భానుమూర్తి తూలాడు. స్విచ్చు ఆపి తలుపు తీసేసరికి పిండి పొంగి, గిన్నె దాటి, బీరువా అడుగంతా పరుచుకుని ఉంది.

“బయట గంట గడిచింది. లోపల ఎనిమిది” అన్నాడు.

నేను వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను. రాత్రంతా ఊరితే వచ్చే పులుపే. నేనూ బీయస్సీ చదివినదాన్ని. కాలం గురించి మంచి మాటేదైనా అనాలనిపించింది.

“బీరువా ఎవరు కడుగుతారు?” అన్నాను.

మా ఆయన పిండిని చూడలేదు. బీరువా లోతూ వెడల్పూ చూశారు.

“ఇందులో మనిషి పడుకుంటే?”

“గంటలో రాత్రంతా నిద్రపోయి లేస్తాడు.”

“అంటే రైలుకీ రైలుకీ మధ్య...” అని ఆగిపోయారు. తొమ్మిది గదులు ఆయన కళ్ళలో డెబ్బై రెండు కావడం నేను చూశాను.

ఆ తర్వాత మా డైనింగ్ టేబుల్ మీద కంచం పెట్టుకునే చోటు లేకుండా పోయింది. అన్నీ కాగితాలు, స్కేళ్ళు, అట్టతో చేసిన బుల్లి గదులు. అబద్ధమెందుకు, పనిలో ఉన్నప్పుడు మా ఆయనని చూడడం నాకిష్టం. ఎక్కడ ఏ చిక్కు వచ్చినా ఆయన పెన్సిల్ దానికో దారి చూపేది. ఆ గదులకి కిటికీ పనికిరాదన్నాడు భానుమూర్తి. లోపల కాలం పరుగెడుతుంటే బయటి వెలుతురు ఈడ్చుకుంటూ వచ్చి కంటికి ఆనదట, నల్లపలక వేలాడదీసినట్టు ఉంటుందట. సరే, కిటికీ ఉండాల్సిన చోట బ్యారేజీ ఫొటో పెట్టారు. బయట ధారగా పడే కుళాయి లోపలివాళ్ళకి బొట్టుబొట్టుగా పడుతుంది. సరే, గదికో పెద్ద నీళ్ళ డ్రమ్ము. కరెంటూ అంతే కాబట్టి బ్యాటరీలు. గాలి చాలదు కాబట్టి సినిమాహాల్లో ఉండేంత ఫ్యానూ, గదిగదికీ మనిషి దూరేంత గొట్టమూ.

ఒక్కచోట మాత్రం పెన్సిల్ ఆగింది.

“గదికీ గదికీ మధ్య మూరెడు ఖాళీ వదలాలి అన్నయ్యా. పైనా కిందా కూడా. గోడకి గోడ ఆనుకుంటే ఒక గది ఊపు ఇంకోదానికి అంటుకుంటుంది. రెండు మూడు గదులైతే ఫర్వాలేదు. తొమ్మిదీ ఒకేసారి నడిస్తే నడిమి గదిలో ఏమవుతుందో నాకు తెలీదు.”

“తెలీదంటే ఏమీ కాదనేగా.”

“తెలీదంటే తెలీదని.”

“నాలుగువైపులా మూరెడు వదిలితే అంతస్తుకి రెండు గదులే వస్తాయిరా. నువ్వు ఫిజిక్స్ చూసుకో, గజాలు నేను చూసుకుంటాను.”

చివరికి భానుమూర్తి ఒక మాట తీసుకుని ఒప్పుకున్నాడు. రెండో అంతస్తులో నడిమి గది నడుస్తున్నప్పుడు చుట్టూ ఉన్నవన్నీ ఒకేసారి వేయకూడదు. మా ఆయన ఒప్పుకున్నారు, షుగరున్న మనిషి డాక్టరు దగ్గర ఒప్పుకున్నట్టు.

హోటల్ తెరిచిన కొత్తలో బాగానే ఉంది. మందుల కంపెనీల వాళ్ళు, పెళ్ళిళ్ళకి వచ్చిపోయేవాళ్ళు, కోర్టు పనిమీద వచ్చేవాళ్ళు గంటకి గది తీసుకుని కళ్ళు తేటపడి దిగేవాళ్ళు. ఒకాయన ఒళ్ళు విరుచుకుంటూ కిందికొచ్చి, తన రైలు వెళ్ళిపోయిందని కౌంటరు దగ్గర పెద్ద గొడవ చేశాడు. ఆ రైలు ఇంకా ఏలూరు కూడా దాటలేదు.

అప్పుడు మా మంజీర సీనియర్ ఇంటర్. మెడిసిన్ పరీక్షకి చదువుతోంది. ఈ ఊళ్ళో ఆ ఈడు పిల్లలకి వయసు ఉండదు, ర్యాంకు ఉంటుంది. కాలేజీలో పెట్టే పరీక్షల్లో దాని ర్యాంకు వారం వారం కిందికి జారుతోంది. స్టడీ హాలిడేస్ ఇచ్చారు, పరీక్ష నెలన్నర ఉంది.

“నెలన్నర ఎక్కడ చాలుతుంది నాన్నా” అంది కళ్ళు తుడుచుకుంటూ.

“మన దగ్గర టైముకి లోటా?” అన్నారు మా ఆయన.

పొద్దున టిఫిన్ తిని తండ్రితో వెళ్ళేది, సాయంత్రం ఇంటికొచ్చేది. మాకది ఒక పగలు. దానికి మూడు రోజులు దాటేది. అన్నం వండుకునే కుక్కరూ, పచ్చళ్ళూ, పొడులూ కట్టిచ్చేదాన్ని. చుట్టూ సందడి తక్కువని నడిమి గదే ఇచ్చారు దానికి.

“నిన్న చెప్పానుగా, ఆ పసుపు డ్రస్సు టైలరుకి ఇచ్చానని” అంటే, తల గోక్కునేది. “నిన్న కాదమ్మా. పోయిన వారమో ఎప్పుడో.” ఏడాదికని పెట్టిన ఆవకాయ జాడీ నెల తిరక్కుండా అడుగంటింది. టైలరు కుట్టిచ్చిన డ్రస్సు తెచ్చేసరికి పొట్టిదైంది. నేను రోజూ చూస్తున్న పిల్ల నేను చూడని రోజుల్లో పెరుగుతోంది. అదే అన్నాను మా ఆయనతో.

“పెరగడం తప్పా? ర్యాంకు చూడు” అన్నారు.

ర్యాంకు నిజంగానే ఎక్కింది. దాంతో ఊళ్ళో తల్లిదండ్రులందరికీ దారి తెలిసిపోయింది. పడుకోవడానికి వచ్చేవాళ్ళు పోయి, చదివించడానికి తెచ్చేవాళ్ళు మొదలయ్యారు. పిల్లలు లోపల స్విచ్చు ఆపేసి బయటికొచ్చి, స్టేషను దగ్గర బజ్జీలు తింటున్నారని వాళ్ళ ఫిర్యాదు. “హాస్టల్లో అయితే బయట గడియ పెడతారండీ” అన్నాడొకాయన, అదేదో వసతి అన్నట్టు. మా ఆయన వెంటనే గదుల స్విచ్చులన్నీ పీకించి కౌంటరు దగ్గర బోర్డుకి మార్పించారు. స్విచ్చు ఆపితేగానీ తలుపు రాదు. బదులుగా గదికో పిలుపుగంట పెట్టారు. లోపల కాసేపు నొక్కితే బయట క్షణంలో అయిపోతుంది కాబట్టి పిల్లలకి ఒక నియమం చెప్పారు. నొక్కి పట్టుకుని పది లెక్కపెట్టాలి. అప్పుడు కౌంటరు దగ్గర ‘ట్రింగ్’ మని వినపడుతుంది, ఆ గది బల్బు వెలుగుతుంది.

మంజీర ఆ నియమం రెండుసార్లు అడిగి మరీ నేర్చుకుంది. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల.

పరీక్షకి పదిరోజుల ముందు ఒక ఆదివారం తొమ్మిది గదులూ నిండాయి. కాలేజీ వాళ్ళు పెట్టే ఆఖరి పెద్ద పరీక్షకి ముందు రోజు అది. హోటల్ నిండడం అదే మొదటిసారి. మా ఆయన మొహం వెలిగిపోతోంది. పొద్దున ఎనిమిదో గది నిండగానే భానుమూర్తికి ఇచ్చిన మాట గుర్తుచేశాను.

“మంజీర వెళ్ళి కూర్చుంది. తొమ్మిదోవాడు విజయనగరం నుంచి వచ్చాడు. వెనక్కి పొమ్మంటావా?” అన్నారు.

మధ్యాహ్నం నేను పులిహోర, బూరెలు చేసి తీసుకెళ్ళాను. కింద హాల్లో తల్లులూ తండ్రులూ వరసగా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, ఆపరేషన్ థియేటరు బయట కూర్చున్నట్టు. మా ఆయన కౌంటరు దగ్గర ఉన్నారు. బోర్డు మీద తొమ్మిది స్విచ్చులూ కిందికి ఉన్నాయి.

నేను ఆకులు వేస్తుండగా బోర్డులో ‘టిక్’ మంది. మధ్య గది బల్బు కన్ను కొట్టినట్టు వెలిగి ఆరింది.

“మంజీర గదిదండీ.”

“చూశాను.”

“పిలుస్తోందేమో.”

“పిలిస్తే పది లెక్కపెట్టేదాకా నొక్కుతుంది. ఇది లూజ్ కాంటాక్ట్.”

మళ్ళీ టిక్. తర్వాత వరసగా, తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు. నేను గరిటె కింద పెట్టి లేచాను.

“ఒక్కసారి ఆపండి. మొహం చూసి వస్తాను.”

“నడుమ గది ఆపితే పక్కవాటికీ కుదుపు తగులుతుంది. పిల్లలు చదువుకుంటున్నారు, వీళ్ళంతా ఇక్కడే చూస్తున్నారు. కూర్చో.”

పక్కనున్నావిడ నా చెయ్యి పట్టుకుంది. “మా వాడూ అంతేనండీ. పుస్తకం తీస్తే దాహమేస్తుంది, మూస్తే తగ్గిపోతుంది.”

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను. పులిహోర వడ్డించాను. జీడిపప్పు ఎక్కువ వేశానని మెచ్చుకున్నారు. ఆవాల చప్పుడు కాసేపు ఉండి ఉండి వచ్చింది. ఆ తర్వాత ఆగిపోయింది.

“చూశావా, దానంతటదే సర్దుకుంది” అన్నారు మా ఆయన.

మూడు గంటలప్పుడు భానుమూర్తి వచ్చాడు, ఏదో పరీక్షకి డ్యూటీ చేసి. చేతిలో బూరె పెట్టబోయాను. అతను బోర్డు వైపు చూస్తున్నాడు.

“అన్నీ వేశావా?”

“పొద్దుటినుంచీ నడుస్తున్నాయిరా. నీ భయాలు అన్నీ...”

“నడుమ గదిలో ఎవరున్నారు?”

ఎవరూ చెప్పకముందే నా మొహంలో జవాబు చూశాడు. కౌంటరు మీదినుంచి దూకి మెయిన్ లాగేశాడు. హోటలంతా చీకటైంది. ఫ్యాన్లు ఆగాయి. నేను మెట్లెక్కడం నాకు గుర్తులేదు.

తలుపు తీస్తే ముందు వాసన వచ్చింది. సెల్‌ఫోన్ వెలుతురులో గది కనిపించింది. బ్యాటరీలు అయిపోయి ఎన్నాళ్ళయిందో. కుళాయి కింద గ్లాసు ఉంది, అందులో అడుగున నాలుగు చుక్కలు. పచ్చడి సీసా లోపల కడిగినట్టు శుభ్రంగా ఉంది. మంజీర నేలమీద, గాలి గొట్టం మూతికి నోరు ఆనించి పడుకుని ఉంది. నా కూతురి చెయ్యి పట్టుకుంటే ఎముక తగిలింది. కుడిచేతి బొటనవేలి చర్మం లేచిపోయి ఉంది.

వెలుతురుకి కళ్ళు మూసుకుంది. పెదాలు విడదీయడానికి కాసేపు పట్టింది.

“ఇవాళ ఏ వారం అమ్మా?”

“ఆదివారమే తల్లీ.”

“ఏ ఆదివారం?” అంది.

భానుమూర్తి తర్వాత లెక్కవేశాడు. మేం బూరెలు తిన్న ఆ పగటిపూట దానికి పక్షం పైన గడిచింది. తిండి మూడు రోజులకి పంపాను. మూల గదుల్లో పిల్లలు ఒకటి రెండు రోజుల ఆకలితో బయటపడ్డారు. చుట్టూ ఉన్న గదుల ఊపంతా కలిసి నడిమి గది మీద పడింది.

మర్నాడు అధికారులొచ్చి హోటల్‌కి సీలు వేశారు. వాళ్ళు లక్క కరిగిస్తుండగానే ఒక తండ్రి మా ఆయన్ని పక్కకి పిలిచి, మూల గది ఒక్కటైనా పరీక్షలదాకా నడపడం కుదురుతుందా అని అడిగాడు.

మంజీరని ఆస్పత్రినుంచి తెచ్చిన రోజు మా ఆయనే ఎత్తుకుని మేడెక్కించారు. మోయడానికి బరువేముంది. ఆఖరి మెట్టు దగ్గర ఆయన కాలు తగిలింది. పడబోయి నిలదొక్కుకున్నారు.

“చూసుకో నాన్నా” అంది మంజీర.

ఆయన ఆ మెట్టు వైపు ఒకసారి చూసి, పిల్లని గదిలోకి తీసుకెళ్ళారు.

కానీ ఆ చూపు ఎన్నాళ్ళో నిలవలేదు. పోలీసులకీ, చుట్టాలకీ, తమ్ముడికీ, గోడకీ ఒకే సంగతి చెప్పేవారు. ఆలోచన సరైనదే. గంటా సరైనదే. పిల్ల పది లెక్కపెట్టి వదిలేసింది, వదలకుండా నొక్కి ఉంటే మోగేది, మోగితే వెంటనే తీసేవాళ్ళం. భానుమూర్తి ఒకసారి పూర్తిగా విన్నాడు. ఆ తర్వాత ఆదివారం భోజనాలకి రావడం మానేశాడు. ఆయన మాటలు మంజీర చెవిన పడకుండా చూడాలని నేను ప్రయత్నించాను. కానీ అది తలుపులు వేయనివ్వదు. ఇంట్లో ఏ గదికీ, ఆఖరికి బీరువాకి కూడా. అన్ని మాటలూ అన్ని గదుల్లోకీ వెళ్ళేవి.

ఇంకోటి కూడా జరిగింది. ఆస్పత్రినుంచి వచ్చిన వారంలో నేను చారుకి తాలింపు వేస్తున్నాను. ఆవాలు చిటపటలాడాయి. మా ఆయన ఎంగిలిచేత్తో కంచం ముందునుంచి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. మర్నాడు పప్పులో వేసినప్పుడూ అంతే. అప్పటినుంచి తాలింపు మానేశాను. అది ఆయన మీద జాలో మరొకటో నాకూ తేలలేదు. ఇంట్లో తిండి మాత్రం పథ్యంలా తయారైంది.

పరీక్ష రోజు వచ్చింది. మంజీర వెళ్ళలేదు, మేం వెళ్ళమనలేదు. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటూ అంది, “అమ్మా, చారులో పోపెందుకు వేయట్లేదు? ఇవాళ వేయవా.”

ఇంటికొచ్చాక అది నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు.

“వేస్తానమ్మా” అన్నాను, హాల్లోకి వినపడేటట్టు. మా ఆయన అప్పుడే అన్నం కలుపుతున్నారు. మూకుడు బాగా కాగనిచ్చాను. ఆవాలు చిటికెడు కావాల్సిన చోట చారెడు తీసుకున్నాను.

చిటపట మొదలైంది. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“నాన్నా” అంది మంజీర, అదేం గమనించకుండా. “నేను లెక్కవేసి చూశాను. నువ్వు చెప్పిందే కరెక్టు. గంటసేపు వదలకుండా నొక్కి ఉంటే మీకు నిమిషంపాటు మోగేది. నేను పది లెక్కపెట్టి వదిలేదాన్ని, మళ్ళీ పది. ఏళ్ళతరబడి ఫిజిక్స్ చదివి, అంత చిన్న సంగతి తోచలేదు. తప్పు నాదే.”

మా ఆయన లేచారు. బాల్కనీ గుమ్మందాకా వెళ్ళారు. ఆవాలు ఇంకా చిట్లుతూనే ఉన్నాయి. నేను పొయ్యి ఆపలేదు. ఆయన వెనక్కి వచ్చి, కూర్చోకుండా కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు.

“మోగింది” అన్నారు.

“ఏంటి?”

“గంట. మోగిందమ్మా. ఇదిగో, ఇట్లాగే.” ఎంగిలిచేత్తో వంటింటి వైపు చూపించారు. “నేను విన్నాను.”

మంజీర తల తిప్పి నన్ను చూసింది.

“మీ అమ్మా వింది. నిన్ను చూస్తానని లేచింది. నేనే కూర్చోమన్నాను.”

“ఎందుకు నాన్నా?”

ఆయన నోరు తెరిచారు. ఆ నోరు నాకు తెలుసు. కాలెత్తి నడవడం రాని బెజవాడ జనమూ, తప్పు చోట ఇల్లు కట్టుకున్న పక్కింటివాళ్ళూ అందులోంచే వచ్చారు. ఇప్పుడెవరు వస్తారోనని గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మూకుట్లో ఆఖరి ఆవగింజ చిట్లింది. నూనె పొగలు కక్కుతోంది.

“తప్పు నీది కాదమ్మా” అన్నారు. కుర్చీ వీపు వదిలేశారు. “నాది. ఆ గది కట్టిన దగ్గరనుంచి, మీ అమ్మని కూర్చోమన్నదాకా. తప్పు చేసింది నేను.”